ఇద్దరు పిల్లలు, రెండు ఇళ్లు, ఒక ఆయమ్మ: లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ చెడుతుంది

తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగినికి ప్రసూతి సెలవు 180 రోజులు. ప్రైవేటు ఉద్యోగం చేసేవాళ్లకు 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఇచ్చింది. ఎలా చూసినా బిడ్డకు ఆరు నెలలు నిండేసరికి తల్లి డ్యూటీలో ఉండాలి. కాన్పుకు ముందే సెలవు మొదలుపెడితే ఇంకా ముందే వెళ్లాలి. అంగన్‌వాడీలో పిల్లల్ని కూర్చోబెట్టుకునేది మాత్రం మూడేళ్లు నిండాకే. అంతకు ముందు ఏడో నెల నుంచి బాలామృతం ప్యాకెట్ ఇస్తారు, బరువు చూస్తారు, టీకా రోజు గుర్తుచేస్తారు. పగలంతా ఉంచుకోరు. ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య 30 నెలలు. ఆ 30 నెలలు బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నదే నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేసే ప్రతి తల్లికీ టెన్షన్.

అదే 2017 సవరణ, 50 మంది లేక అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని చెప్పింది. మన దగ్గర ఉద్యోగాలు ఎక్కడున్నాయో చూడండి. ఐదారుగురు టీచర్లున్న స్కూలు, పది మంది ఉన్న బ్యాంకు బ్రాంచి, గ్రామ పంచాయతీ ఆఫీసు, చిన్న నర్సింగ్ హోమ్. వీటిలో చాలావరకు ఆ లెక్కలోకి రావు. ఇక మిగిలేది అమ్మ, అత్తమ్మ. కాన్పు కాగానే వస్తారు, మూడు నాలుగు నెలలు ఉంటారు. తర్వాత ఊళ్లో బర్రెలున్నాయి, పొలముంది, మామయ్యకు వండి పెట్టేవాళ్లు లేరు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ముప్పై ఏళ్లు సంసారం ఈదినవాళ్లను ఇంకో 30 నెలలు పట్నంలో కట్టిపడేయడం కూడా న్యాయం కాదు.

అందుకే ఆయమ్మ. ఒక్క ఇల్లే పూర్తి జీతం ఇచ్చి పెట్టుకుంటే చాలామంది టీచరమ్మల జీతంలో పెద్ద ముక్క అక్కడికే పోతుంది, కాంట్రాక్టు ఉద్యోగులకైతే మిగిలేదే ఉండదు. దీంతో పక్కపక్క వీధుల్లో ఉండే రెండు కుటుంబాలు కలిసి ఒకామెను పెట్టుకోవడం మొదలైంది. ఇందులో డబ్బు కలిసొస్తుంది, నిజమే. అయితే ఇలాంటి ఏర్పాట్లు ఎన్నో నాలుగైదు నెలలకే చెడిపోతున్నాయి. అప్పుడు "ఆయమ్మ మంచిది దొరకలేదు" అనే మాటే వినిపిస్తుంది. నేను దగ్గరగా చూసినవాటిలో గొడవ ఎక్కువసార్లు మొదలైంది ఆయమ్మ దగ్గర కాదు, రెండు కుటుంబాల మధ్య మాట్లాడుకోని విషయాల దగ్గర. ఆ బరువు చివరికి ఆమె మీద పడింది, ఆమె మానేసింది.

గంటలు కలుస్తాయి, సెలవులు కలవవు

ముందు పని గంటలు చూద్దాం, ఎందుకంటే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక తల్లి టీచరు. నల్లగొండలో ఇల్లు, కనగల్ వైపు స్కూలు. ఉదయం 8కి బిడ్డను అప్పజెప్పాలి, సాయంత్రం 5కి తీసుకుంటుంది. ఇంకో తల్లి బ్యాంకులో. 9:30కి అప్పజెప్పి 6:30కి తీసుకుంటుంది. ఎవరిని అడిగినా "మాది తొమ్మిది గంటలే" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆయమ్మ మాత్రం 8 నుంచి 6:30 దాకా, అంటే పదిన్నర గంటలు ఉండాలి. రెండు ఇళ్ల టైములు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఆ మొత్తమే ఆమె పనిదినం.

సెలవుల దగ్గర ఇది తిరగబడుతుంది. రెండు ఇళ్లకూ ఒకే రోజు సెలవు పడితేనే ఆమెకు సెలవు. దసరాకు స్కూళ్లు మూసినా బ్యాంకు తెరిచే ఉంటుంది. నాలుగో శనివారం బ్యాంకుకు సెలవు, స్కూలుకు ఉండదు. ముందే మాట్లాడుకోకపోతే పని గంటలు ఎక్కువున్న వైపుకు, సెలవులు తక్కువున్న వైపుకు ఆమె బతుకు జారిపోతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ జరిగేది అదే.

ఇప్పుడు డబ్బు. ఇక్కడ చెప్పే జీతాలు లెక్క చూపడానికి వేసుకున్న ఉదాహరణలే. మీ వీధిలో నడిచే రేటు వేరుగా ఉండొచ్చు. ఒక్క బిడ్డను రోజుకు 9 గంటలు, నెలకు 26 రోజులు చూసుకోవడానికి 12,000 రూపాయలు అనుకుందాం. మొత్తం 234 గంటలు, గంటకు 51 రూపాయలు. రెండు కుటుంబాలు కలిసి "ఇద్దరం చెరో 7,000 ఇద్దాం, ఆమెకు 2,000 పెరిగినట్టే కదా" అనుకుంటాయి. పదిన్నర గంటల చొప్పున నెలకు 273 గంటలు. 14,000ను 273తో భాగించండి. మళ్లీ గంటకు 51 రూపాయలే. బిడ్డలు ఇద్దరయ్యారు, ఆమె గంట విలువ ఒక్క రూపాయి పెరగలేదు. ఇలా మొదలైన ఏర్పాటులో ఆమె ఇంకో ఇల్లు వెతుక్కుంటూనే ఉంటుంది, వెతుక్కోవాలి కూడా.

అదే 18,000 ఇస్తే గంటకు 66 రూపాయలు పడుతుంది. ఒక్కో కుటుంబం 9,000 కడుతుంది. విడిగా పెట్టుకుంటే 12,000 అయ్యేది కాబట్టి ప్రతి ఇంటికీ నెలకు 3,000 మిగులుతుంది, ఆమెకు నెలకు 6,000 ఎక్కువ వస్తుంది. ఒక్క బిడ్డకు ఇచ్చే జీతం మీద సగం కలిపి, దాన్ని ఇద్దరూ పంచుకోవడం. నాకు తెలిసి నిలబడే లెక్క ఇదొక్కటే. మిగులు మొత్తం రెండు ఇళ్లే తీసుకుంటే అది ఎక్కువ రోజులు నడవదు.

వేసవి సెలవుల దగ్గర ఇంకో తగాదా వస్తుంది. స్కూళ్లు ఏప్రిల్ చివరి వారంలో మూస్తే జూన్ రెండో వారంలో తెరుస్తారు, దాదాపు ఏడు వారాలు. "మేం ఇంట్లోనే ఉంటాం, ఆ రోజులకు జీతం ఎందుకు?" అని టీచరు కుటుంబం అనుకోవడం సహజం. పై లెక్కలో అది 14 వేల పైమాటే, చిన్న డబ్బేం కాదు. కానీ వాళ్లు కట్టకపోతే ఆమె జీతం సగం పోవాలి, లేదా బ్యాంకు కుటుంబం మొత్తం మోయాలి. ఏడు వారాలు సగం జీతంతో గడిపిన మనిషి జూన్‌లో మళ్లీ మీ దగ్గరికే వస్తుందని నమ్మకం ఏముంది? నేనైతే 12 నెలలూ ఎవరి వాటా వాళ్లు కట్టాలనే చెబుతాను. వేసవిలో ఆమెకు ఒక్క బిడ్డే ఉంటుంది కాబట్టి అలసట తగ్గుతుంది, నాలుగు రోజులు పుట్టింటికి వెళ్లి రావచ్చు. అలా కుదరదనుకుంటే మొదటి రోజే ఆ మాట చెప్పాలి. ఏప్రిల్ 20న చెప్పకూడదు.

మనిషిని వెతకడం

హైదరాబాద్‌లో ఏజెన్సీలుంటాయి, కమిషన్ తీసుకుని మనిషిని పంపిస్తాయి. మన పట్టణాల్లో నమ్మకం నడిచేది నోటి మాట మీదే. అయితే ఆ మాట ఎవరి నోటి నుంచి రావాలన్నది ముఖ్యం. డ్వాక్రా సంఘం లీడర్లకు తమ సంఘంలో ఎవరికి నిలకడైన పని కావాలో, ఎవరు మాట మీద నిలబడతారో తెలుసు. కిస్తీలు ఎవరు సరిగ్గా కడతారో నెలనెలా చూస్తుంటారు కదా. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇల్లిల్లూ తిరుగుతారు, పసిపిల్లల దగ్గర ఎవరికి ఓపిక ఉందో వాళ్లు కళ్లారా చూసి ఉంటారు. ప్రైవేటు స్కూళ్లలో నర్సరీ క్లాసుల ఆయమ్మలుగా చేసి మానేసినవాళ్లు, ప్రసూతి వార్డుల్లో పనిచేసినవాళ్లు ఇంకో దారి.

2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఈ వెతుకులాటను మార్చేసిందని నా అభిప్రాయం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు జీరో టికెట్ వచ్చాక, తిప్పర్తి నుంచో నార్కట్‌పల్లి నుంచో నల్లగొండకు, జడ్చర్ల నుంచో దేవరకద్ర నుంచో మహబూబ్‌నగర్‌కు రోజూ వచ్చి పోవడం ఒకామెకు ఖర్చులేని పనైంది. అంతకు ముందు మన కాలనీ చుట్టుపక్కల బస్తీల్లో ఉన్నవాళ్లే మనకు దిక్కు. ఇప్పుడు ఎంచుకునే అవకాశం మనకు పెరిగింది, వాళ్లకూ పెరిగింది. మరో ఇంట్లో వెయ్యి ఎక్కువిస్తే ఆ ఊరి బస్సెక్కడానికి ఆమెకు అడ్డేమీ లేదు. బస్సు మీద వచ్చే మనిషిని పెట్టుకుంటే ఒకటే షరతు: ఆ ఊరికి సాయంత్రం బస్సు ఎన్నింటికి ఉందో ముందే కనుక్కోండి. 6:30కి వదిలితే 7 గంటల బస్సు దొరుకుతుందా? అది తప్పితే తర్వాతిది 8:30కా? బ్యాంకులో మార్చి నెలాఖరు పని ఆమె బస్సు టైమును మార్చదు.

మాట్లాడేటప్పుడు రెండు కుటుంబాలూ కలిసి కూర్చోవాలి. ఒకరు ఖాయం చేసి ఇంకొకరికి చెప్పడం వద్దు. గతంలో పనిచేసిన ఇంటివాళ్లతో ఫోన్లో కాకుండా, వీలైతే వెళ్లి మాట్లాడండి. ఆధార్ కాపీ తీసుకోవడం, వివరాలు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఇవ్వడం మంచిదే. అదే చేత్తో మీ ఇద్దరి పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు, పనిచేసే చోటు ఒక కాగితం మీద రాసి ఆమె ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. ఆమె కూడా తెలియని ఇంటికే వస్తోంది. మొదటి రెండు వారాలు తల్లుల్లో ఒకరు ఇంట్లో ఉండగా బిడ్డలను అలవాటు చేయాలి. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగినులకు పిల్లల సంరక్షణ కోసం ఉన్న 90 రోజుల సెలవును విడతకు 15 రోజులు మించకుండా వాడుకోవచ్చు. ఒక విడత దీనికి ఖర్చు చేస్తే ఎంతో నయం.

దగ్గు విషయం మొహమాటం లేకుండా అడగాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్ష ఉచితం. ఇది ఆయమ్మకొక్కదానికే పెట్టే నియమం కాకూడదు. ఇంట్లో తాతయ్య దగ్గుతుంటే ఆయనకూ చేయించండి. పసిపిల్లలకు ఎవరి నుంచైనా సోకుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఊరి నుంచి పన్నెండేళ్ల పిల్లను తెచ్చుకుందాం, తిండి పెట్టి చదివిద్దాం, బిడ్డను ఎత్తుకుంటుంది" అనే ఆలోచన ఇప్పటికీ మన జిల్లాల్లో పోలేదు. పిల్లలతో ఇంటి పని చేయించడం 2006 అక్టోబర్ 10 నుంచి నిషేధం. 2016 సవరణతో 14 ఏళ్లలోపు వాళ్లను ఏ పనిలోనూ పెట్టకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎత్తుకునే పిల్లకే ఇంకొకరి కాపలా కావాల్సిన వయసు అది. పద్దెనిమిది నిండనివాళ్లను ఈ పనికి అసలు అడగొద్దు. ఎక్కడైనా కనిపిస్తే 1098కు ఫోన్ చేయండి.

అలాగే "ఏమోళ్లు?", అంటే ఏ కులం అనే ప్రశ్న. ఆయమ్మను వెతికే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. బిడ్డను రోజంతా గుండెల మీద పెట్టుకునే మనిషికి వేరే గ్లాసు, వేరే పళ్లెం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రెండు కుటుంబాల్లో ఒకరికి ఆ పట్టింపు ఉండి ఇంకొకరికి లేకపోతే, ఆ ఏర్పాటులోకి వెళ్లొద్దనే నా సలహా. తండా నుంచి వచ్చే ఆమె అయినా, బస్తీ నుంచి వచ్చే ఆమె అయినా, అదే వంటింట్లో అదే గ్లాసులో నీళ్లు తాగాలి. దీని మీద బేరం లేదు.

ఎవరి ఇల్లు?

రెండు పద్ధతులు నడుస్తున్నాయి. ఒకే ఇంట్లో ఎప్పుడూ ఉంచడం, లేదా వారం వారం మార్చడం. పసిపిల్లలకు ఒకే చోటు అలవాటు కావడం మంచిది, సామాన్లు మోసుకుని తిరిగే పనీ ఉండదు. కానీ ఆ ఇంటికి కరెంటు బిల్లు, గ్యాస్, అరిగిపోయే సామాను, సాయంత్రం చిందరవందరైన హాలు, అన్నీ అదనం. నల్లగొండ ఎండలు 44, 45 డిగ్రీలకు వెళ్తాయి. మే నెలలో కూలర్ పొద్దంతా తిరుగుతుంది. కాబట్టి ఇల్లు ఇచ్చిన కుటుంబానికి రెండో కుటుంబం నెలకింత అని కలపాలి, ఎంతో మొదటే అనుకోవాలి. వారానికోసారి మార్చుకుంటే లెక్కలు సమంగా ఉంటాయి గానీ, ఆయమ్మకు రెండు వంటిళ్లు, రెండు అత్తగార్లు అలవాటు కావాలి.

ఏ ఇల్లు అన్నది తేల్చేటప్పుడు పగలు ఆ ఇంట్లో ఇంకెవరుంటారన్నది చూడండి. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే మగమనిషి ఉన్న ఇంట్లో ఆమె ఒక్కతే రోజంతా ఉండటానికి ఇష్టపడుతుందా? ఆమెను అడగండి. పని చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ఇళ్లలో పనిచేసేవాళ్లకూ వర్తిస్తుంది. ఫిర్యాదు వినడానికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఈ సంగతి ఆమెకు చెప్పడం వల్ల మన పరువేమీ పోదు. అత్తమామలు ఇంట్లో ఉంటే అదొక ధైర్యం. అయితే అత్తమ్మ కూర్చున్న చోటు నుంచి ఆయమ్మకు ఇంటి పనులన్నీ పురమాయిస్తుంటే రెండో బిడ్డ సంగతి ఎవరు చూస్తారు? పిల్లల బట్టలు, పిల్లల గిన్నెలు, పిల్లల వంట వరకే ఆమె పని. ఇంటి అంట్లు, ఇల్లు తుడవడం వేరు. కలిపి చేయించాలంటే దానికి వేరే జీతం, అదీ ఆ ఇల్లే ఇవ్వాలి.

వయసుల పొత్తు కూడా చూసుకోవాలి. ఏడాదిలోపు పిల్లలు ఇద్దరైతే ఒక్క మనిషికి చాలా కష్టం. ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే ఎవరినో ఒకరిని ఏడవనివ్వాల్సిందే. ఒకరికి ఎనిమిది నెలలు, ఇంకొకరికి ఏడాదిన్నర, రెండేళ్లు ఉంటే కాస్త కుదురుతుంది. ఒకరు పడుకున్నప్పుడు ఇంకొకరితో ఆడొచ్చు. మూడో బిడ్డను కలుపుకుందామని మధ్యలో ఎవరైనా వస్తే ఒప్పుకోకండి.

రెండు ఇళ్లలో పెంపకం ఒకటి కాదు

ఒకరింట్లో బిడ్డకు గుడ్డు పెడతారు, ఇంకొకరింట్లో గుడ్డు ముట్టరు. ఒకరు నలుగు పెట్టి కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయాలంటారు, ఇంకొకరు డాక్టరు వద్దన్నాడంటారు. ఒకరికి చీర ఉయ్యాల, ఇంకొకరికి మంచం. ఒకరు అన్నం తినేటప్పుడు ఫోన్ చూపిస్తారు. వీటిలో సగం రెండు రకాలుగా నడిస్తే ఏమీ కాదు, ఎవరి బిడ్డకు వాళ్ల పద్ధతి. ఫోన్, కొట్టడం, బయటికి తీసుకెళ్లడం లాంటివి మాత్రం ఇద్దరికీ ఒకటే ఉండాలి. ఒక బిడ్డకు ఫోన్ చూపిస్తూ పక్కనున్న బిడ్డను చూడొద్దనడం ఏ ఆయమ్మ వల్లా కాదు.

ఆమెకు రెండు ఇళ్ల నుంచి రెండు మాటలు రావడమే అసలు ఇబ్బంది. పొద్దున ఒకామె "పండు పెట్టకు, జలుబుంది" అంటుంది, మధ్యాహ్నం ఇంకొకామె ఫోన్ చేసి "ఇద్దరికీ అరటిపండు పెట్టావా పెద్దమ్మా?" అంటుంది. ఎవరి మాట వినాలి? అందుకే తల్లులిద్దరూ ముందు తమలో తాము మాట్లాడుకుని, ఏ మార్పు ఉన్నా కలిసి చెప్పాలి. ఒక తల్లి మీద ఇంకొక తల్లి ఆయమ్మతో చెప్పుకోవడం మొదలైందంటే ఆ ఏర్పాటు ఎక్కువ కాలం ఉండదు.

పాల విషయంలో జాగ్రత్త. తల్లిపాలు పిండి పెట్టి వెళ్లేవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు, ఉండాలి కూడా. గది వేడి 25 డిగ్రీల లోపు ఉంటే నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మన ఎండాకాలంలో 25 డిగ్రీల గది ఎక్కడిది? పిండగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా పెట్టి వెచ్చచేయాలి, బిడ్డ తాగి వదిలేసింది దాచకూడదు. ఇద్దరు పిల్లల సీసాలు ఒకే ఫ్రిజ్‌లో ఉంటాయి కాబట్టి రంగు వేరుగా ఉండే మూతలు పెట్టండి, పేరు రాస్తే చదవలేని ఆయమ్మలూ ఉంటారు. ఏడాది నిండే దాకా తేనె నాకించొద్దని ఇద్దరి ఇళ్లలో పెద్దవాళ్లకూ చెప్పాలి.

నల్లగొండలో నీళ్ల మాట రాకుండా ఉండదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఈ జిల్లాను ఎంత ఏడిపించిందో, మర్రిగూడ, మునుగోడు వైపు వంకర్లు పోయిన కాళ్లు చూసినవాళ్లకు తెలుసు. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరయ్యే కొద్దీ దాని పాళ్లు ఇంకా పెరుగుతాయి. కాబట్టి పిల్లల జావకు, పాలపొడి కలపడానికి భగీరథ నీళ్లు గానీ శుద్ధి చేసిన నీళ్లు గానీ తెచ్చి, వాటినే కాచి వాడాలి. ఏ ఇంట్లో ఉంచినా ఈ బిందె వేరుగా ఉండాలి.

జబ్బు రోజులకు నియమం ముందే రాసుకోవాలి. జ్వరం, విరేచనాలు, ఒంటి మీద పొక్కులు ఉంటే ఆ బిడ్డ ఆ రోజు తన ఇంట్లోనే. ఆ రోజు ఎవరు సెలవు పెడతారో, తల్లా తండ్రా, ఆ ఇంటివాళ్లు తేల్చుకోవాలి. తండ్రులు సెలవు పెట్టడం మన దగ్గర ఇంకా అరుదు. కానీ ప్రతిసారీ తల్లే పెడితే ఆమె సెలవులు జనవరి, ఫిబ్రవరి కల్లా ఐపోతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టీకా కార్డు ఫొటో, 108 నంబరు, దగ్గరి పిల్లల డాక్టరు అడ్రసు గోడ మీద ఉండాలి. ఏదైనా అయితే తల్లి ఫోన్ ఎత్తే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లే హక్కు ఆయమ్మకు ఉందని, ఆటో డబ్బులు ఫలానా డబ్బాలో ఉన్నాయని ముందే చెప్పి పెట్టండి.

ఇంట్లో కెమెరా పెడితే ఆమెకు చెప్పి పెట్టాలి, ఎక్కడుందో చూపించాలి. ఆమె బట్టలు మార్చుకునే చోట, పడుకునే చోట ఉండకూడదు.

ఆమె వైపు నుంచి

ఇళ్లలో పనిచేసేవాళ్లకంటూ దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం ఇప్పటికీ లేదు. అలాంటి చట్టం అవసరమో కాదో చూడటానికి కమిటీ వేయమని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. చట్టం వచ్చే దాకా ఆమెకు రక్షణగా ఉండేది మన ఒప్పందమే. అందుకే ఒక నోటుబుక్కులో తెలుగులో, ఆమెకు చదివి వినిపించి, ముగ్గురూ సంతకం పెట్టాలి. పని గంటలు, గంట దాటితే ఎంత, వారానికి సెలవు ఏ రోజు, నెలకు జీతంతో ఎన్ని సెలవులు, జీతం ఏ తేదీన, పండక్కి ఏమిస్తారు, మానేయాలన్నా మానిపించాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఒకరు 1న, ఇంకొకరు 8న ఇవ్వడం వద్దు. రెండు వాటాలూ ఒకే రోజు ఆమె చేతికి రావాలి.

పొలం పనుల రోజులను మీ క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోండి. వానాకాలం నాట్లు, దసరా తర్వాత పత్తి ఏరడం, డిసెంబరు, జనవరిల్లో యాసంగి నాట్లు. పల్లె నుంచి వచ్చే ఆమెకు సొంత చెలక ఉంటే ఈ రోజుల్లో వెళ్లక తప్పదు. చేతికొచ్చిన పత్తి చెట్టు మీదే ఉంటే వాన వచ్చి పోతుంది. చెర్వుగట్టు జాతర, కురుమూర్తి జాతర, బతుకమ్మ, పీర్ల పండుగ, ఎవరి పండుగ వాళ్లకు ఉంటుంది. "చెప్పా పెట్టకుండా మానేసింది" అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు, చెబితే ఒప్పుకోరనే భయం ఉంటుంది. నెల ముందే మీరే అడిగితే ఆమె తేదీలు చెబుతుంది. ఆ వారం కోసం ఒకరి అమ్మనో ఇంకొకరి అత్తమ్మనో రప్పించుకోవచ్చు.

పనిలో పోటీ ఏముందో కూడా తెలిసి ఉండాలి. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. పై ఉదాహరణలో 18,000 అంటే రోజుకు 690 దాకా పడుతుంది, కానీ పదిన్నర గంటలు. కూలికి పోయే ఆమె నలుగురితో మాట్లాడుకుంటూ పనిచేస్తుంది. ఇక్కడ నాలుగు గోడల మధ్య, రెండు నిమిషాలు కళ్లు పక్కకు తిప్పలేని పని. పిల్లలిద్దరూ పడుకున్న గంట ఆమెకు విశ్రాంతి అని ఒప్పందంలోనే రాయండి. ఆ గంటలో చిక్కుడుకాయలు ముందు పెట్టొద్దు.

అడ్వాన్సు గురించి జాగ్రత్త. బిడ్డ ఫీజుకో, ఆసుపత్రికో ఆమె అడుగుతుంది, ఇవ్వాల్సిన సందర్భాలే ఎక్కువ. ఎవరు ఎంతిచ్చారో రెండు ఇళ్లకూ తెలియాలి, నెలకు ఎంత పట్టుకుంటారో పుస్తకంలో ఉండాలి. ఒకరు 20,000 ఇచ్చి "ఇక మా మాటే వినాలి" అన్నట్టు ప్రవర్తిస్తే రెండో కుటుంబానికీ అన్యాయం, ఆమెకూ అన్యాయం. అప్పు తీరలేదని మనిషిని పనిలో ఆపే హక్కు ఎవరికీ లేదు.

తక్కువ ఖర్చుతో చేయగలిగినవి కొన్నున్నాయి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు, ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకు 2 లక్షలు. జీవనజ్యోతి బీమాకు ఏడాదికి 436, చేరడానికి 18 నుంచి 50 ఏళ్లు, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. రెండూ కలిపి 456, ఒక్కో ఇంటికి 228. రెండూ ఆమె బ్యాంకు ఖాతా నుంచే కట్ అవుతాయి, ఏటా మే నెలాఖరుకు ఖాతాలో డబ్బుండాలి. ఈ-శ్రమ్ కార్డు లేకపోతే మీసేవకో సీఎస్సీకో తీసుకెళ్లి చేయించండి. ఆమెకు 40 లోపు ఉండి, నెల ఆదాయం 15,000 దాటకపోతే శ్రమయోగి మాన్‌ధన్ పింఛను పథకంలో చేర్చొచ్చు, పై ఉదాహరణలోని 18,000 జీతమైతే కుదరదు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే ప్రభుత్వం అంతే కలుపుతుంది, 60 దాటాక నెలకు 3,000 పింఛను. ఆ నెల వాటాను రెండు ఇళ్లూ కలిసి కడితే, తలా వందకు మించదు.

విడిపోయే రోజు

ఈ ఏర్పాటు ఎప్పటికీ ఉండేది కాదు. ఒకరికి ట్రాన్స్‌ఫర్ వస్తుంది, ఒకరి బిడ్డ ముందే స్కూల్లో చేరుతుంది, ఒకరికి రెండో కాన్పు. వెళ్లిపోయే కుటుంబం రెండు నెలల ముందు చెప్పి, ఆ రెండు నెలల వాటా కట్టాలని, వాళ్ల చోటుకు ఇంకో కుటుంబాన్ని చూసే బాధ్యత ఇద్దరిదీ అని మొదటే రాసుకోండి. కొత్త కుటుంబం వచ్చేటప్పుడు ఆయమ్మ ఒప్పుకుంటేనే. ఆమె కాదంటే కాదు. ఎవరూ దొరక్క ఒక్క బిడ్డే మిగిలితే, మిగిలిన ఇల్లు ఒక్క బిడ్డ జీతానికి ఆమెను ఉంచుకుంటుందా, ఆమె అందుకు ఒప్పుకుంటుందా అన్నది కూడా ముందే తేలాలి. లేకపోతే వెళ్లినవాళ్ల లోటు ఆమె జీతంలో నుంచే పూడ్చుకోవాలని చూస్తారు.

పిల్లలు ఇద్దరూ మూడేళ్లు దాటి అంగన్‌వాడీకో నర్సరీకో వెళ్లడం మొదలయ్యాక, మొదటి నెల సగం పూట ఆమె ఉంటే మంచిది. స్కూలు అలవాటయ్యే దాకా బిడ్డలకు తెలిసిన మనిషి ఇంట్లో ఉంటుంది, ఆమెకు కొత్త పని చూసుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ నెలలో మీ స్కూలు స్టాఫ్‌రూములో, బ్యాంకులో, ఆసుపత్రిలో కాన్పుకు దగ్గరున్నవాళ్లెవరో కనుక్కోండి. ఆమె ఏ వయసు పిల్లల్ని ఎన్నాళ్లు చూసిందో, ఏం బాగా చేస్తుందో, ఎంత జీతం ఇచ్చారో నిజాయితీగా రాసి ఇద్దరూ సంతకం పెట్టి ఆ కాగితం ఆమెకు ఇవ్వండి. జీతం రాయడం మరిచిపోకండి. తర్వాతి ఇంట్లో ఆమె బేరం అక్కడి నుంచి మొదలవుతుంది.